కంఠతా వచ్చిన అధ్యాయం

పోయినవారం మృదులను ఆమె గైడు పద్మప్రియ మేడమ్ గది బయట, బెంచీ మీద వదిలి వచ్చాం. ఒళ్ళో ఆమె థీసిస్ మొదటి అధ్యాయం ఉంది. దాని మీద, ఆ అధ్యాయాన్ని యూనివర్సిటీ కంప్యూటర్ వడపోసి ఇచ్చిన రిపోర్టు ఉంది. సగానికి పైగా ఎరుపు. ఎరుపంటే ఆ వాక్యాన్ని ఇదివరకే ఇంకెవరో అచ్చు వేశారని. "కాపీ కేసండీ," అన్నాడు రిపోర్టు చేతికిచ్చిన క్లర్కు, ఎవరికో జలుబు చేసిందని చెప్పినంత తేలిగ్గా. సోమవారం కమిటీ కూర్చుంటుంది. వాళ్ళు సరేనంటే పీహెచ్‌డీ సాగుతుంది, కాదంటే రిజిస్ట్రేషన్ రద్దు.

ఒక్కటి మాత్రం మృదులకు గట్టిగా తెలుసు. ఆ వాక్యాలు రాస్తున్నప్పుడు ఆమె ఎదురుగా ఏ పుస్తకమూ లేదు.

"లోపలికి రా," అని పిలుపు వినిపించింది.

పద్మప్రియ మేడమ్ గొంతు పెంచే మనిషి కాదు. కోపం వస్తే కళ్ళజోడు తీసి బల్ల మీద పెడుతుంది, అంతే. మృదుల లోపల అడుగుపెట్టేసరికే కళ్ళజోడు బల్ల మీద ఉంది.

"ఒక్కటే అడుగుతాను. కాపీ చేశావా?"

"లేదండీ."

"మరి ఇదేంటి? కామాలతో సహా దిగిపోయింది."

"నేనే రాశానండీ. ఇంట్లో కూర్చుని, నా అంతట నేనే."

"అందరూ ఈ మాటే అంటారమ్మా. పోయినేడాది ఒకాయన నా పేపర్నే తెచ్చి నాకే ఇచ్చి, నా అంతట నేనే రాశానన్నాడు."

ఇంకో రోజైతే మృదుల నవ్వేది. "పరీక్ష పెట్టండి మేడమ్. ఇక్కడే, ఇప్పుడే," అంది. తన గొంతు అంత గట్టిగా ఉంటుందని ఆమెకే తెలియదు.

మేడమ్ సరేనంది. ఫోను, బ్యాగు తలుపు దగ్గర పెట్టించింది. తెల్లకాగితం ముందుకు తోసింది. "ఇంట్లో ఆడవాళ్ళు చేసే పని ఎందుకు లెక్కలోకి రాదో రెండు పేరాలు రాయి. ఇంగ్లీషులో. నీ సొంత మాటల్లో."

మృదుల రాయడం మొదలుపెట్టింది. ఎప్పటిలాగే హాయిగా ఉంది. ఒక వాక్యం ముగిసేలోపే తర్వాతి వాక్యం గుమ్మంలో నిలబడి ఉంటుంది, రమ్మంటే వస్తుంది. ఎక్కడా కొట్టివేతల్లేవు, తడుముకోవడం లేదు. కాగితం నిండాక ఆమె దాన్ని ధీమాగా మేడమ్ వైపు తిప్పింది.

మేడమ్ రిపోర్టులో ఒక పేజీ తీసి ఆ కాగితం పక్కన పెట్టుకుంది. వేలితో ఒక్కో వరుసా పోల్చుకుంటూ పోయింది. వేలు ఎక్కడా ఆగలేదు. చివరికంటా వెళ్ళి, కళ్ళజోడు తగిలించుకుని మళ్ళీ మొదటి నుంచి చూసింది.

"ఈ వ్యాసం ఎప్పుడు చదివావు?"

"పోయిన వేసవిలో అనుకుంటానండీ. ఒకసారో, రెండుసార్లో."

"ఇది వేరేవాళ్ళ వాక్యమని రాస్తున్నప్పుడు తెలియలేదా?"

మృదుల రెండు కాగితాలనూ చూసింది. ఒకటి అచ్చు, ఒకటి తన చేతిరాత. కవలల్లా ఉన్నాయి. ఇన్నాళ్ళూ రాస్తున్నప్పుడు తనలో కలిగిన ఆ హాయి, కొత్త మాట పుట్టించిన హాయి అనుకుంది. కాదు. తెలిసిన మనిషి సంతలో ఎదురైతే కలిగే హాయి అది. గుర్తుపట్టడాన్ని ఆలోచించడం అనుకుని మోసపోయింది. మోసం చేసినదీ తనే, మోసపోయినదీ తనే కావడంతో ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియలేదు.

"తెలియలేదండీ. నాకే తోచిందనుకున్నాను."

మేడమ్ ముఖంలో కోపం పోయింది. దాని స్థానంలో వచ్చింది జాలి కాదు, కుతూహలం. "మీ నాన్నగారు ఏం చేస్తుంటారన్నావు?"

"ఏలూరులో వేదం చెబుతారండీ."

చెబుతుంటేనే మృదులకు తమ ఇంటి ముందు గది కళ్ళ ముందు నిలిచింది. తండ్రి రామచంద్రమూర్తి గారు ఒక పనస, అంటే వేదంలో ఓ చిన్న ముక్క, చెబితే, ఎదురుగా కూర్చున్న శిష్యులు అదే పనస తిప్పి చెప్పాలి. అక్షరం జారినా, స్వరం తప్పినా మళ్ళీ మొదటికి. ఆడపిల్లకు ఆ పాఠం లేదు. అయినా శిష్యుడెవడైనా మధ్యలో తడబడితే, వెనక గదిలోంచి ఆ తర్వాతి మాట మృదుల గొంతులో వచ్చేది. తండ్రి కసిరేవారు కాదు, మెచ్చుకునేవారూ కాదు. ఓ క్షణం ఆగి, తలుపు వైపు చూసి, పాఠం సాగించేవారు. ఆ క్షణం కోసం ఆమె బాల్యమంతా చెవులు రిక్కించుకుని గడిపింది. ఎవరి మాటైనా సరే, ఉన్నదున్నట్టు అప్పజెబితే తనకు ఆ ఇంట్లో ఓ చోటు. మార్చి చెబితే అది తప్పు. బళ్ళోనూ, కాలేజీలోనూ అలాగే మార్కులు వచ్చాయి.

"కమిటీకి నీ జ్ఞాపకశక్తితో పనిలేదు," అంది మేడమ్. "కంప్యూటర్లోంచి ఎత్తినా, బుర్రలోంచి ఎత్తినా వాళ్ళ దృష్టిలో ఒకటే. నాగేశ్వరరావు గారు ఛైర్మన్. ఆయన మంచివారే గానీ, రూలు రూలే అంటారు. సోమవారానికి ఈ అధ్యాయంలో కనీసం ఎరుపు ఎక్కువున్న భాగమైనా మళ్ళీ రాసి తేవాలి."

"తెస్తానండీ."

"తొందరపడకు. ఎలా తెస్తావు? మళ్ళీ కూర్చుంటే మళ్ళీ అవే వస్తాయి నీకు." ఆమె కాసేపు పెన్నుతో బల్ల మీద తట్టింది. "ఒక పని చెయ్. వ్యాసం మూసెయ్. అది చదవనివాళ్ళని పట్టుకుని, తెలుగులో చెప్పు. వాళ్ళు అడ్డమైన ప్రశ్నలూ అడగాలి, నువ్వు జవాబు చెప్పాలి. వాళ్ళకి అర్థమయ్యాక, అప్పుడు వచ్చి రాయి. ఇంగ్లీషులో నీకున్నవన్నీ అరువు వాక్యాలు. తెలుగులో అయినా నీవి ఉంటాయేమో వెతుకు."

*

సాయంత్రం గూడెంలో ఎక్కిన ఏలూరు పాసింజర్లో పక్క సీట్లో గోపీచంద్ కూర్చున్నాడు. అతనూ పద్మప్రియ మేడమ్ దగ్గరే పరిశోధన, భీమడోలులో దిగుతాడు. సంగతి అప్పటికే డిపార్ట్‌మెంటంతా పాకింది.

"ఏవండీ మృదుల గారూ, ఇంతోటి దానికి అలా ముఖం వేలాడదీసుకుంటారేంటండీ? నా దగ్గర ఓ సాఫ్ట్‌వేర్ ఉంది. మీ అధ్యాయం అందులో పడేయండి. ఉతికి, ఆరేసి, ఇస్త్రీ చేసి ఇస్తుంది. ఒక్క ఎరుపు చుక్క ఉంటే ఒట్టు."

"అది ఏం చేస్తుందండీ?"

"ఏం చేస్తుంది, మాటలు మారుస్తుంది. 'ముఖ్యం' అని ఉన్నచోట 'కీలకం' అంటుంది. వాక్యాన్ని తోక పట్టుకుని తిప్పుతుంది. మా బ్యాచ్‌లో అందరం అలాగే గట్టెక్కాం. మీరొక్కరే ఉన్నారు, పతివ్రతలాగా."

"అప్పుడు అది నాదవుతుందా?"

"ఎవరిదో ఎవరికి కావాలండీ! కంప్యూటర్‌కి తెలియకపోతే చాలు."

రైలు పూళ్ళ స్టేషను దాటింది. కిటికీ బయట చేపల చెరువుల నీళ్ళ మీద ఎండ వాలుతోంది. మృదుల నిజంగానే ఊగిసలాడింది. రెండు నిమిషాల పని. సోమవారం గండం తప్పుతుంది. కానీ ఆ తర్వాతి అధ్యాయం? ఆ తర్వాతిది? ఇక జీవితాంతం తన వాక్యమేదో, పరాయి వాక్యమేదో తెలియని చేత్తో రాస్తూ బతకాలి. కమిటీ అంటే భయం ఉంది. ఆ చెయ్యంటే ఇప్పుడు అంతకు మించిన భయం పట్టుకుంది.

"వద్దండీ గోపీచంద్ గారూ. నేనే రాస్తాను."

"మీ ఇష్టం. రాయలేకపోతే ఆదివారం సాయంత్రం లోపు మెసేజ్ పెట్టండి. మొహమాటపడకండి." భీమడోలులో దిగుతూ, ప్లాట్‌ఫాం మీద నుంచి కిటికీలోకి వంగి, "ఇస్త్రీ ఉచితం!" అన్నాడు.

*

శనివారం పొద్దున శిష్యులు వెళ్ళిపోయాక మృదుల ముందు గదిలో తండ్రి ఎదురుగా కూర్చుంది. తల్లి లలిత గోరుచిక్కుళ్ళు ఈనెలు తీస్తూ గుమ్మంలో చేరింది. జరిగింది విని రామచంద్రమూర్తి గారు నొచ్చుకున్నారు. కూతురు తప్పు చేసిందని కాదు.

"అక్షరం పొల్లుపోకుండా చెబితే శిక్షా? పెద్దలన్న మాట మార్చి చెప్పమనడం, అదేం చదువమ్మా?"

"మార్చి చెప్పమనడం కాదు నాన్నగారూ. అర్థం చేసుకుని చెప్పమనడం. మీరు వినండి, అడగండి, చాలు."

అధ్యాయంలోకి దిగిపోయిన వ్యాసాల్లో మొదటిదాన్ని ఆమె తెలుగులో చెప్పడం మొదలుపెట్టింది. నాలుగు మాటలు చెప్పిందో లేదో ఆయన చెయ్యి ఎత్తారు.

"ఎవరన్నారీ మాట?"

"ఎవరో పరిశోధకులు."

"ఎవరో ఏంటి? మంత్రం మొదలెట్టే ముందు దానికి ఋషి ఎవరో, ఛందస్సేమిటో, దేవత ఎవరో చెప్పి కదా మొదలెడతాం. దర్శించినవాడి పేరు చెప్పకుండా మంత్రం నోట పలికితే దాన్ని ఏమంటారు?"

మృదులకు ఇది కొత్త కాదు. చిన్నప్పటి నుంచీ వేలసార్లు విన్న సంగతి. మంత్రాలన్నీ నిలిచాయి ఆమెలో, ఋషుల పేర్లు మాత్రం గుమ్మం దగ్గరే ఆగిపోయాయి. లోపలి గదిలోంచి తను అందించింది ఎప్పుడూ తర్వాతి మాటనే. మొదట చెప్పే ఆ పేర్లతో ఆమెకు ఎన్నడూ పనిపడలేదు.

ఆ తర్వాత పని వేగంగా సాగింది. ప్రతి వ్యాసానికీ ముందు మనిషి పేరు, ఏ ఊళ్ళో ఎవరిని అడిగి తెలుసుకున్నాడో ఆ సంగతి, ఆ తర్వాతే అన్న మాట. తండ్రి పట్టుకుని నిలదీశారు. "అతనికెలా తెలుసు?" "రెండోవాడు ఒప్పుకున్నాడా?" లలిత మధ్యలో, "ఇంతమంది చెప్పిన ముక్క మా పక్కింటి సీతమ్మ ఎప్పుడో చెప్పింది," అంటూ దెప్పింది. మృదుల చెప్పిన ప్రతిదీ వెంటనే వెనక గదిలోకి వెళ్ళి రాసింది. వాక్యాలు కుంటుతున్నాయి. అయినా అవి ఎక్కడి నుంచి వచ్చాయో ఆమెకు తెలుసు.

మధ్యాహ్నానికి చివరి వ్యాసం మిగిలింది. "ఇది మా పద్మప్రియ మేడమ్‌ది," అంది. "కొల్లేటి ఊళ్ళ ఆడవాళ్ళు రొయ్యలు వలిచే షెడ్డుల్లో పనికి ఎందుకు వెళుతున్నారన్న దాని మీద. సరస్సులో చేపలు తగ్గి, వేరే గతిలేక వెళుతున్నారని ఆవిడ నిర్ధారణ."

లలిత చేతిలో గోరుచిక్కుడు ఆగింది. "నువ్వు కొల్లేటికోట వెళ్ళొచ్చిన రోజు నాతో అన్నది అది కాదు గదే."

"నేనేమన్నాను?"

"నీలాగా మాటకు మాట అప్పజెప్పడం నాకు రాదు గానీ, ఆవిడెవరో ఉంది చూడు, సువర్ణో ఎవరో. చేపలు బాగా పడ్డ ఏడు కూడా షెడ్డు మానలేదటగా? మొగుడు మానెయ్యమంటే, మానితే కబుర్లు ఎవరు చెబుతారని గయ్యిమందని చెప్పి, నువ్వు పడీపడీ నవ్వావు."

మృదుల లేచి ఫోన్లో ఆ రోజు చేసుకున్న రికార్డింగు పెట్టింది. సువర్ణ గొంతు గదిలో నిండింది. తల్లి చెప్పింది నిజమే. తర్వాత తన అధ్యాయంలో ఆ చోటు తీసి చూసింది. ఎరుపు రంగులో మేడమ్ వాక్యం, చక్కగా, తళతళలాడుతూ ఉంది. దాని కింద ఉదాహరణగా సువర్ణ పేరు. సువర్ణ మాట విన్న చెవి తనదే, దాన్ని తుడిచి పైన మేడమ్ మాట రాసిన చెయ్యీ తనదే. జ్ఞాపకం చేసిన చేటు దొంగతనంతో ఆగలేదన్నమాట. కళ్ళారా చూసినదాన్ని కూడా చూడనట్టు చేసింది.

"మేడమ్ చెప్పింది తప్పు," అంది మెల్లగా.

రామచంద్రమూర్తి గారు ఉత్తరీయం సర్దుకున్నారు. "గురువు మాట కాదంటావా?"

"కాదనడం లేదండీ. నేను విన్నది వేరు అంటున్నాను."

"ఋషి పేరు చెప్పడం వరకు నాకు తెలిసిన చదువమ్మా. ఇక్కడి నుంచి నాకు తెలియదు. నాకు తెలిసినదాంట్లో నీ సొంత మాటకి చోటే లేదు." ఆయన లేచి, గుమ్మం దాటబోతూ ఆగారు. "అంత మాట అనేముందు, విన్నది సరిగ్గా విన్నావో లేదో మరొక్కసారి చూసుకో. పనస అయినా రెండోసారి చెప్పించుకోకుండా వదలం."

*

ఆదివారం పొద్దున్నే కైకలూరు బస్సెక్కింది మృదుల. అక్కడి నుంచి ఆటోలో కొల్లేటికోట. సువర్ణ ఇంటి ముందు అరుగు మీద కూర్చుని జడ దువ్వుకుంటోంది. షెడ్డు వ్యాను రాని రోజు.

"మళ్ళీ వచ్చారేంటండీ! పోయినసారి చెప్పింది అరిగిపోయిందా?"

"అరగలేదండీ. సరిగ్గా రాశానో లేదో చూపిద్దామని వచ్చాను."

తను రాసుకొచ్చింది తెలుగులో చెప్పింది. ఈ ఊరి ఆడవాళ్ళు షెడ్డుకి వెళ్ళేది గతిలేక కాదు, అక్కడి మాటామంతీ కోసమని. సువర్ణ దువ్వెన ఆపి ఫక్కున నవ్వింది.

"ఓలమ్మో, అందరినీ నా గాటనే కట్టేశారే! మా తోటికోడల్ని అడగండి చెబుతుంది. దానికి వెళ్ళక తప్పదు, మొగుడు మంచాన ఉన్నాడు. చచ్చినట్టు వెళుతుంది. నేనేమో మా ఆయన వద్దన్నా వెళతాను. ఇంట్లో నోరు విప్పితే పని ఆగిపోద్దని కేకలేస్తారండీ. షెడ్డులో చేతులు రొయ్యలు వలుస్తానే ఉంటాయి, నోరు దాని మానాన అది తిరుగుద్ది. ఇద్దరం ఒకే వ్యాను ఎక్కుతాం గానీ ఒకే పనికి వెళ్ళటం లేదు."

మృదుల తన వాక్యాన్ని కొట్టేసింది. పుట్టి ఒక రోజైనా కాని వాక్యం. బాధ అనిపించలేదు. కంఠతా వచ్చిన వాక్యాన్ని ఆమె ఎన్నడూ కొట్టలేదు, అది కొట్టడానికి తనది కాదు గనక. సువర్ణ తోటికోడలినీ, ఆ వీధిలో వ్యాను ఎక్కే మిగతావాళ్ళనీ కూర్చోబెట్టి అడిగింది. ఎండెక్కేదాకా అడిగింది.

తిరిగి వస్తుంటే సువర్ణ ఆటో దాకా వచ్చింది. "ఇంత ఓపిగ్గా మళ్ళీ వచ్చి అడిగినోళ్ళు మీరేనండీ. అప్పుడు వచ్చిన పెద్దమేడమ్ కూడా ఒక్కసారే వచ్చింది."

"ఏ పెద్దమేడమ్?"

"కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకుని మాట్లాడుద్ది చూడండి, గూడెం కాలేజీ ఆవిడ. ఆవిడకీ ఇదే చెప్పాను. కబుర్ల సంగతి విని మీకన్నా ఎక్కువ నవ్విందండీ ఆవిడ."

ఆటో కదిలింది. మృదుల ఫోను మోగింది. గోపీచంద్ మెసేజ్: 'ఇస్త్రీ కావాలా?' ఆమె 'వద్దండీ' అని కొట్టి, ఫోను బ్యాగులో పడేసింది.

*

సోమవారం కమిటీకి ముందు పద్మప్రియ మేడమ్ కొత్త పేజీలు చదివింది. ఒక్కో పేజీకి ఆమె ముఖం తేటపడుతోంది. "ఇంగ్లీషు బండగా ఉంది. ఉండనీ. ఇది నీదే," అంది. చివరి పేజీ తిప్పింది. చదివింది. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.



"ఇది ఉంచుతావా?"

"ఉంచుతానండీ."

"ఆలోచించుకున్నావా? లోపల నీ పక్షాన మాట్లాడే మనిషిని నేనొక్కదాన్నే."

సువర్ణ మాట విని మీరూ నవ్వారట గదా, ఆ నవ్వు మీ పేపర్లోకి ఎందుకు రాలేదని అడిగేద్దామని మృదుల నాలుక చివరి దాకా వచ్చింది. అడగలేదు. అది ఆవిడ సంగతి. తన సంగతి ఈ పేజీ. "ఆలోచించుకునే రాశానండీ," అంది.

లోపల పొడుగాటి బల్ల. మధ్యలో నాగేశ్వరరావు గారు, ఆయన కుడిపక్కన పద్మప్రియ మేడమ్. ఆయన పాత రిపోర్టూ, కొత్త పేజీలూ ఎదురుగా పరుచుకుని చాలాసేపు చూశారు.

"చూడమ్మా, మాటలు మార్చి తెచ్చేవాళ్ళని చాలామందిని చూశాం. నాకు ఒక్కటే కావాలి. ఇందులో నువ్వు కాక ఇంకెవరూ రాయలేని వాక్యం ఏదైనా ఉంటే, అది చదువు."

మృదుల చివరి పేజీ తీసింది. మేడమ్ కళ్ళు ఆమె మీదే ఉన్నాయి. తడబడకుండా చదివింది.

"'పద్మప్రియ పరిశోధన ప్రకారం, కొల్లేటి గ్రామాల స్త్రీలు గతిలేకపోవడం వల్లనే షెడ్డు పనికి వెళుతున్నారు. కొల్లేటికోటలో నేను రెండుసార్లు మాట్లాడిన స్త్రీలలో కొందరికి ఇది నిజం. మిగిలినవారికి ఇది నిజం కాదని వారే నాకు చెప్పారు. వారి మాటను ఈ నిర్ధారణ వదిలేసింది.'"

బల్ల చుట్టూ తలలన్నీ ఒక్కసారి పద్మప్రియ వైపు తిరిగాయి. నాగేశ్వరరావు గారు పెన్ను మూత పెట్టి, నింపాదిగా, "ఏమండీ పద్మప్రియ గారూ, మీ స్టూడెంటు మీ మీదే రాసింది. ముందే చూశారా?" అన్నారు.

పద్మప్రియ కుర్చీ వెనక్కి జరిపి లేచి నిలబడింది.

"చూశాను సార్. ఈ అమ్మాయి విషయం తేల్చేముందు, కొల్లేటి మీద నేను రాసిన ఆ పేపర్ గురించి కమిటీకి నేనో మాట చెప్పాలి."